అలుగు గురించి వంద ప్రశ్నలు, మేకు గురించి ఒక్కటీ లేదు: నా మొదటి కటానా అనుభవం

జనవరి 12న డబ్బు కట్టాను. మే 26న పెట్టె ఇంటికొచ్చింది. లెక్కేస్తే 134 రోజులు. కత్తి అమ్మినవాళ్లు చెప్పింది ఎనిమిది వారాలు. వచ్చాక కూడా వెంటనే వాడలేకపోయాను. ఇంకో నెల రిపేర్లు, ఆ తర్వాత ఒక వంకర, ఆ వంకర తీయించుకోవడానికి మూడు వారాలు. తక్కువ డబ్బులో నిజంగా కోసే కటానా, అంటే జపాన్ తరహా పొడవాటి కత్తి, కొనాలనుకునేవాళ్లు ఇదంతా తెలిసే దిగితే బాగుంటుందని రాస్తున్నాను.

అసలు కథ అంతకుముందు నవంబరులో మొదలైంది. గోడకు తగిలించుకునే కత్తి ఒకటి కొన్నాను. నల్లటి ఒర, ఎర్రటి తాడు, స్టాండు ఉచితం. స్టెయిన్‌లెస్ స్టీలు, తుప్పు పట్టదు అని రాసి ఉంటే అదే గొప్ప గుణం అనుకున్నా. మేడ మీదకి తీసుకెళ్లి గాలిలో తిప్పడం మొదలుపెట్టాను. నాలుగోసారి తిప్పినప్పుడు చేతిలో ‘టక్’మని చిన్న కదలిక. చెవికి వినపడలేదు, అరచేతికి తెలిసింది. ఆపి, పిడి విప్పి చూశాను. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, పిడిలోకి వెడల్పుగా దిగుతుందనుకుంటే, లోపల ఉన్నది పెన్సిలంత మరచుట్ల కడ్డీ. అలుగు మొదట్లో ఒక వెల్డింగ్ బొట్టుతో అతికించారు. ఆ బొట్టు చుట్టూ వెంట్రుకంత బీట. ఇంకో రెండుసార్లు తిప్పి ఉంటే డెబ్బై సెంటీమీటర్ల ఇనుము ఎటు పోయేదో! అమ్మ అప్పుడు పది అడుగుల దూరంలో బట్టలు ఆరేస్తోంది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు.

దాన్ని చూసి కత్తుల మీద విరక్తి రావాలి. రాలేదు. నిజమైనది ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

జపాన్‌లో చేసిన అసలు కత్తి నాలాంటివాడికి అందేది కాదు. అక్కడ లైసెన్సున్న కమ్మరి నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదు. తమహగానె అనే సంప్రదాయ ఉక్కు తయారీకే రోజుల తరబడి కొలిమి నడపాలి. కాబట్టి నాలాంటి వాళ్లంతా చివరికి తేలేది చైనాలో, జెజియాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌చువాన్‌లో. కత్తుల తయారీకి శతాబ్దాలుగా పేరున్న ఊరు. అక్కడి కత్తి తయారీ విద్యను 2006లో చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. తక్కువ ధరలో, కోతకు పనికొచ్చేలా చేసిన కటానాల్లో చాలా భాగం అక్కడి వర్క్‌షాపులవే.

డిసెంబరంతా చదవడంతోనే గడిచింది. ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. ఆర్డర్ పెట్టకముందే, ఇంత పొడవు అలుగు ఉన్నది తెప్పించుకుని ఇంట్లో ఉంచుకోవచ్చా, అనుమతి ఏమైనా కావాలా అని సంబంధిత ఆఫీసుకు రాతపూర్వకంగా రాసి, జవాబు కాగితం మీద తీసుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఫోన్లో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఆ కాగితమే తర్వాత నన్ను కాపాడింది.

ఇరవై ఏళ్లుగా కత్తిసాము చేస్తున్న ఒక పెద్దాయన పరిచయమయ్యారు. నేను మాస్టారు అంటాను. ఆయనకి నా ప్రశ్నలన్నీ రాసి పంపాను. ఏ ఉక్కు, ఎంత పొడవు, అంచు మీద అలలా కనిపించే గీత నిజమైనదా కాదా, గాడి ఉండాలా వద్దా. ఆయన నుంచి ఒక్క లైను జవాబు: “అలుగు గురించి వంద అడిగావు. పిడి గురించి ఒక్కటీ అడగలేదేంటయ్యా?” చదివి నవ్వుకున్నాను. పట్టించుకోలేదు.

ఆర్డర్ ఫారం హోటల్ మెనూ లాగా ఉంటుంది. 1060 అంటే కర్బనం దాదాపు 0.60 శాతం ఉన్న ఉక్కు, 1095 అంటే 0.95 శాతం. 9260 అనేది సిలికాన్ కలిసిన స్ప్రింగు ఉక్కు, వంగినా తిరిగి నిలబడుతుంది. టీ10 అనేది కర్బనం ఎక్కువున్న పనిముట్ల ఉక్కు. ఆ పైన ‘మట్టి పూత’ అనే ఆప్షన్. అలుగు వెన్ను మీద మందంగా, అంచు మీద పలచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి ఒక్కసారిగా ముంచుతారు. అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య పొగమంచులా కనిపించే గీతే హామోన్. ఇది లేకుండా మొత్తం ఒకేలా గట్టిపరచిన కత్తులు చవక, మొదటిసారి కొనేవాడికి మేలు కూడా. ఎందుకంటే కోత తప్పుగా పడితే మట్టి పూత కత్తి వంగి అలాగే ఉండిపోతుంది. స్ప్రింగు ఉక్కు వెనక్కి వస్తుంది.

ఇదంతా చదివాను. అర్థమైంది. అయినా టీ10, మట్టి పూత, పైగా వెన్ను పక్కన గాడి, అన్నీ టిక్కు పెట్టాను. ఆ గాడి రక్తం కారడానికి కాదు. బరువు తగ్గుతుంది, కత్తి సరైన కోణంలో దిగితే ‘హుష్’మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసమే పెట్టించుకున్నాను. అందం చూసి పిల్లనిచ్చినట్టు అయింది నా పని.

ఒక్క విషయంలో మాత్రం ఆశకు లొంగలేదు. ‘మడత ఉక్కు’ అని ఒక ఆప్షన్ ఉంది, ధర దాదాపు సగం పెరుగుతుంది. జపాన్ కమ్మరి ఉక్కును పదిపదిహేనుసార్లు మడిచి కొట్టేది, కొలిమిలోంచి వచ్చిన ముద్దలో కర్బనం సమానంగా పరుచుకోవడానికి, మలినాలు పోవడానికి. పదిసార్లు మడిస్తే 1024 పొరలు. మిల్లులో తయారై ముందే సమానంగా ఉన్న ఉక్కుకు ఆ మడతలతో బలమేమీ రాదు, గీతలు మాత్రం వస్తాయి. దాన్నే ‘డమాస్కస్’ అని కూడా అమ్ముతారు. ఆ పేరుతో పాతకాలంలో చలామణి అయిన ఉక్కు వేరే. అది మూసల్లో కరిగించింది, ఎక్కువగా మన దక్షిణాది నుంచే వెళ్లేది. దాన్ని ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు, ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని అంటారు. మన ఉక్కుకు వచ్చిన పేరును తప్పు సరుకు మీద అంటించి అమ్ముతుంటే కొనబుద్ధి కాలేదు.

అలుగు పొడవు 2 షాకు 4 సున్ రాశాను. ఒక షాకు అంటే 30.3 సెంటీమీటర్లు, సున్ అందులో పదో వంతు, కాబట్టి దాదాపు 73. పిడి దగ్గర మాత్రం పట్టీ రంగు ఒక్కటే ఎంచుకున్నాను. నల్ల నూలు.

తర్వాత నిశ్శబ్దం. జనవరి చివర్లో ఒక ఫొటో వచ్చింది, మట్టి పూసిన అలుగుల వరుస. అందులో నాది ఏదో నాకే తెలియదు. ఆ తర్వాత చైనా కొత్త సంవత్సరం. సెలవులుంటాయని తెలుసు, వారం అనుకున్నాను. పనివాళ్లు సొంతూళ్లకు వెళ్లి రావడం, కొలిమి మళ్లీ అందుకోవడం, అన్నీ కలిపి నెల పోయింది. జనవరిలో ఆర్డర్ పెట్టడం బుద్ధి తక్కువ పని. ఆ నెల రోజులూ రాత్రి పడుకునేముందు మెయిల్ తెరిచి చూడటం నాకు అలవాటైపోయింది.

ఏప్రిల్ 6న, సరిగ్గా పన్నెండు వారాలకి, పూర్తయిన కత్తి ఫొటోలు ఇరవై రెండు వచ్చాయి. కత్తిని పక్కకు వాల్చి, హామోన్‌ను వెలుతురులో తీయమని అడిగాను. ఆమ్లంతో గీసిన నకిలీ అల అయితే ఎటు తిప్పినా తెల్లగా ఒకేలా కనిపిస్తుంది, రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఉంటుంది. నాది కోణం మారితే మాయమైంది, మళ్లీ వచ్చింది. సంతోషంలో మిగతా ఫొటోలు సరిగ్గా చూడలేదు. పిడి లోపలిది పంపమని అడగనే లేదు. చేతికి అడ్డుగా ఉండే చక్రం, త్సుబా, కొంచెం వదులుగా కనిపిస్తే దానికి వాచరు వేయమన్నాను. అదొక రెండు వారాలు. ఏప్రిల్ 21న బయల్దేరింది.

మే 4న కస్టమ్స్ దగ్గర ఆగింది. 19 రోజులు. మొదటి ఆరు రోజులు ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప ఏమీ లేదు. ఏడో రోజు, ఇది ఏమిటి, ఎందుకు, పొడవెంత, అంచు ఉందా అని ప్రశ్నలతో ఒక లేఖ. నా దగ్గరున్న అనుమతి కాగితం, రసీదు, కొలతలు పంపాను. మళ్లీ అదే ప్రశ్నలు. మళ్లీ అవే జవాబులు. మూడోసారి ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మాత్రం ఎంతో ఓపిగ్గా విని, “సార్, పెట్టె మీద ‘మెటల్ క్రాఫ్ట్’ అని రాశారండీ, మీరేమో కత్తి అంటున్నారు, అదే గొడవ” అంది. అమ్మినవాళ్లు నాకు మేలు చేద్దామని అలా రాశారట! మీరు కొంటే పెట్టె మీద ఉన్నది ఉన్నట్టు రాయమని ముందే చెప్పండి. నిల్వ ఛార్జీ కూడా నేనే కట్టాను.

మే 26 సాయంత్రం పెట్టె వచ్చింది. తెరవగానే గదంతా జిగురు, మిషను నూనె కలిసిన వాసన. బరువు 1.1 కిలోలే, కానీ రెండు చేతుల్లో పట్టుకుంటే అంతకంటే తక్కువ అనిపించింది. ముందు ఒర చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గలగల. అలుగు ఒరలో కదులుతోంది. అలుగు మొదట్లో ఉండే ఇత్తడి పట్టీ, హాబాకి, ఒర మూతిలో బిగుసుకుని ఉండాలి. నాది తలకిందులు చేస్తే దానంతటదే జారేలా ఉంది. దానికి ఉపాయం ఉంది, ఒర మూతి లోపల పలచటి చెక్క పొర అతికించాలి. పెన్సిలు చెక్కగా వచ్చిన పొర సరిపోయింది. ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అని చిన్నప్పటి నుంచీ వింటున్నా. ఒకే ఒరలో ఒక కత్తిని ఇమిడించడానికే రెండు ఆదివారాలు పట్టింది.

మొదటిసారి దూసినప్పుడు తప్పు కూడా చేశాను. ఎడమచేత్తో ఒరను గుప్పెట పట్టి లాగాను. వేళ్లు అంచు ఉన్న వైపుకు చుట్టుకుని ఉన్నాయి. ఒర అంటే రెండు సన్నటి చెక్కలు అతికించినదే, అంచు ఆ అతుకు మీదే నడుస్తుంది. అతుకు వీడితే వేళ్లు అక్కడే ఉంటాయి. నాకేమీ కాలేదు. కానీ ఒర లోపల సన్నటి చెక్క పొట్టు రాలింది. అంచు ఎప్పుడూ పైకి, వేళ్లు పక్కలకి, దూసేటప్పుడు వెన్ను మీద ఆనించి లాగడం అని మాస్టారు తర్వాత వీడియో కాల్‌లో నేర్పారు.

అప్పుడే ఆయన పిడి విప్పి చూపించమన్నారు. కటానాకు మరలు, స్క్రూలు ఉండవు. అలుగు తోక పిడిలోకి దూరుతుంది, పిడి చెక్కకూ తోకకూ అడ్డంగా ఉన్న చిల్లులోంచి ఒక చిన్న వెదురు మేకు దిగుతుంది. దాన్ని జపాన్ వాళ్లు మెకుగి అంటారు. కుగి అంటే మేకు, మె అంటే కన్ను. మన మేకుకీ వాళ్ల మెకుగికీ చుట్టరికం లేదు, కాకతాళీయం అంతే. కానీ ఆ మాట అప్పటినుంచీ మర్చిపోలేదు. మేకు ఒక వైపు సన్నం, ఒక వైపు లావు. సన్నం వైపు నుంచి ఇత్తడి కడ్డీతో తడితే వస్తుంది. తర్వాత కత్తిని నిటారుగా, కొంచెం వెనక్కి వాల్చి ఎడమచేత్తో పిడి కొస పట్టుకుని, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో కొట్టాలి. రెండు మూడు దెబ్బలకి అలుగు పైకి కదులుతుంది. చదివితే వింతగా ఉంటుంది, చేస్తే భలే తేలిక.

తేలిగ్గానే ఊడింది. మరీ తేలిగ్గా. రెండు మేకుల్లో ఒకటి వెదురే కాదు, ఏదో మెత్తటి చెక్క. గోరుతో నొక్కితే గుంట పడింది. రెండోది వెదురే, నిలువునా చీలిక. పిడి చెక్క లోపల తోకకంటే రెండు మిల్లీమీటర్లు వెడల్పుగా తొలిచారు, ఖాళీలో జిగురు ముద్దలు. తోక మాత్రం అద్భుతంగా ఉంది. పిడి పొడవులో మూడు వంతులు, దిట్టంగా, వెడల్పుగా. అంటే నేను నాలుగు నెలలు ఎదురుచూసిన అలుగు నిజంగానే మంచిది. దాన్ని నా చేతికి కట్టి ఉంచింది గోరుతో గుంట పడే చెక్కముక్క. మాస్టారు తెర మీద ఏమీ అనలేదు. నేనే తల దించుకున్నా.

కొత్త మేకు కోసం లావుపాటి వెదురు అల్లిక సూది కొన్నాను. కత్తి ఖర్చు మొత్తంలో అతి చవకైన వస్తువు అదే. చిన్న ముక్క కోసి, గరుకు కాగితం మీద దొర్లిస్తూ సన్నం చేస్తూ, చిల్లులో పెట్టి చూస్తూ, మళ్లీ దొర్లిస్తూ. మొదటి రెండూ పాడు చేశాను. మూడోది చిల్లులోకి ముప్పాతిక వరకు వేలితో వెళ్లి, మిగతా పావు చిన్న సుత్తి దెబ్బలతో దిగింది. ఆ చివరి దెబ్బకు శబ్దం మారుతుంది, ‘టప్’ నుంచి ‘టక్’కి. నవంబరులో మేడ మీద వచ్చిన టక్కు, ఈ టక్కు ఒకటి కావు. పిడి లోపలి ఖాళీకి రెండు వైపులా పలచటి చెక్క పొరలు పెట్టాను. జిగురు పోసి నింపేయమని చాలామంది చెప్పారు. మాస్టారు వద్దన్నారు, మళ్లీ విప్పి చూసుకోవడానికి ఉండదు కదా అని. పిడి కింద ఉండాల్సిన టేకు చేప (రే ఫిష్) చర్మం కూడా మొత్తం చుట్టలేదు, రెండు పక్కలా చిన్న పట్టీలు మాత్రమే. పట్టీ అల్లిక కింద కాగితపు మడతలు లేవు, అందుకే నొక్కితే జారుతోంది. అది ఇంకా అలాగే ఉంది.

జూన్‌లో ఇంకో తప్పు. కత్తితో వచ్చిన కిట్‌లో తెల్లటి పొడి నింపిన గుడ్డ ఉండ ఉంటుంది. దాంతో అలుగు మీద తట్టి తుడవాలి. తట్టాను. మంచి పొడి అయితే మెత్తగా ఉండాలట. నాది సుద్దముక్క గరుకు. అద్దంలాంటి అలుగు మీద వెంట్రుకల్లాంటి గీతలు. ఇప్పుడు స్పిరిట్‌తో పాత నూనె తుడిచి, మెత్తటి గుడ్డతో కొత్త నూనె పలచగా రాస్తున్నా, అంతే. ఆ నూనెను చోజి అంటారు, చోజి అంటే లవంగం. నిజానికి అది మినరల్ నూనెలో కాస్త లవంగ నూనె కలిపింది. లవంగ నూనె నేరుగా రాయకండి. ఒకరోజు ముచ్చటపడి అలుగు మీద బొటనవేలు పెట్టి మర్చిపోయాను. మూడో రోజుకి నా వేలిముద్ర నారింజ రంగులో గీతలతో సహా అచ్చు పడింది. ఆధార్‌కి పనికొచ్చేంత స్పష్టంగా.

జూలై 19న మాస్టారు సమక్షంలో మొదటి కోత. చుట్టిన తాతామి అనే జపాన్ గడ్డి చాపను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నిలువు మేకుకు గుచ్చి నిలబెడతారు. ముందు గాలిలో తిప్పమన్నారు. గాడి ‘హుష్’మంది. నాకు నేనే నచ్చాను. మొదటి కోత ఏటవాలుగా దిగింది, చాప ముక్క ఆలస్యంగా జారిపడింది. అంత మెత్తగా తెగుతుందని అనుకోలేదు, వెన్నలో వేలు పెట్టినట్టే. రెండో కోతకు బలం ఎక్కువ పెట్టాను. మణికట్టు తిరిగింది. అంచు వెళ్లే దారి ఒకటి, అలుగు వెడల్పు చూసే దిక్కు ఇంకొకటి. చాపలో సగం దాకా వెళ్లి ఆగింది. బయటికి తీసి వెన్ను మీదుగా చూస్తే ఎడమకు వంగి ఉంది. బల్ల మీద పెట్టి కొలిస్తే మొన దగ్గర 4 మిల్లీమీటర్లు.

ఏడుపొచ్చినంత పనైంది. మాస్టారు మాత్రం ముందు అలుగు చూడలేదు. పిడి పట్టుకుని ఊపారు, మేకును వేలితో తడిమారు. “కదల్లేదు,” అన్నారు. “వంకర తీయొచ్చు. అది ఊడి ఉంటే ఏం తీస్తాం?”

ఆయనకు తెలిసినవాళ్ల దగ్గర చీలిక ఉన్న గట్టి కర్రలో అలుగును పట్టించి, కొద్దికొద్దిగా వంచి సరిచేయించారు. మూడు వారాలు పట్టింది, పని మాత్రం పది నిమిషాలే అట. ఇప్పుడు వెలుతురులో చూస్తే అర మిల్లీమీటరు తేడా ఉందనిపిస్తుంది. మాస్టారు లేదంటారు. నాకు కనిపిస్తుంది.

ఖర్చు లెక్క అడిగేవాళ్ల కోసం. కత్తి ధరను 100 అనుకుంటే, రవాణా 28, సుంకాలు 41, నిల్వ ఛార్జీ 6, నూనె, గుడ్డలు, తాళం వేసే పెట్టె, ఇత్తడి కడ్డీ, అల్లిక సూది కలిపి 17. మొత్తం 192. వంకర తీసినందుకు ఆయన డబ్బు తీసుకోలేదు. ఇంకో మాట, ఈ కత్తిని జపాన్ తీసుకెళ్లి చూపించుకుందాం అనుకోకండి. అక్కడి సంప్రదాయ పద్ధతిలో చేయని కత్తికి అక్కడ రిజిస్ట్రేషన్ ఇవ్వరు.

సెప్టెంబరులో రెండో ఆర్డర్ పెట్టాను. ఈసారి జియాన్ అనే చైనా కత్తి, తిన్నటి అలుగు, రెండంచులు. దానికి మెకుగి పద్ధతి కాదు, చాలావాటిలో తోక పిడి గుండా కొస వరకూ వెళ్లి అక్కడ నొక్కేసి ఉంటుంది. ఒకసారి బిగించాక విప్పి చూడటం కుదరదు. అందుకని పిడి ఎక్కించకముందు తోక ఫొటో, దాని మందం కొలత పంపితేనే మిగతా డబ్బు కడతానని రాశాను. వాళ్లు ఒక నవ్వు బొమ్మ పంపారు. ఫొటో ఇంకా రాలేదు. ఇవాళ్టికి 31వ రోజు.